స్టాండు లేని సైకిలు

గురువారం ఉదయం పెసరట్టు మీద అల్లం పచ్చడి రాసుకుంటూ ఆర్థర్ తన పథకం భార్యకు చెప్పాడు. చెప్పుకోవడానికి చిన్న పథకమే. శనివారం తెల్లవారకముందే సైకిలు నడిపించుకుంటూ కార్ఖానా పేటలోని ఇంటి నుంచి జూబ్లీ బస్ స్టేషనుకు వెళ్ళాలి. దాన్ని ఆదిలాబాద్ బస్సు టాపు మీద కట్టించాలి. నిర్మల్ దాటాక దిగి, మహారాష్ట్ర సరిహద్దు వైపు అడవిలో ఉన్న ఒక కంకర దారి తొక్కి చూడాలి. ఆదివారం సాయంత్రానికల్లా ఏమీ ఎరగనట్టు ఇంట్లో ఉండాలి.

"ఎవరికీ చెప్పకు" అన్నాడు.

"నేనెవరికి చెప్తానండీ?" అంది జ్ఞానమణి.

ఈ రెండు మాటలూ ఆ ఇంట్లో పెళ్ళైన నాటి నుంచీ జంటగానే వినబడుతున్నాయి. వాళ్ళకన్నా అన్యోన్యంగా కాపురం చేస్తున్నాయి కూడా.

"మరి ఆదివారం ఆరాధన? మీరు సంఘ పెద్ద కదా. కానుకల సంచీ ఎవరు పట్టుకుంటారు?"

"ఒంట్లో బాగాలేదని చెప్పు."

"గుడికి సంబంధించిన విషయంలో అబద్ధమా? నా వల్ల కాదు" అంటూ ఆమె పెసరట్టు తిరగేసింది. ఆర్థర్ రాత కూడా సరిగ్గా ఆ క్షణంలోనే తిరగబడిందని తర్వాత లెక్క తేలింది.

అసలు ఆర్థర్‌కు సైకిలు పిచ్చి లేదు. అతనికున్నది సీటు పిచ్చి. సికింద్రాబాద్‌లో ఒక బీమా ఆఫీసులో సెక్షన్ హెడ్డుగా, కిటికీ పక్కన, ఫ్యాను కింద, క్యాంటీనుకు కూతవేటు దూరంలో ఉన్న సీటులో ఏళ్ళ తరబడి పాతుకుపోయాడు. ఆ సీటు కాపాడుకోవడానికే సైకిలు సీటెక్కాడు. ఎందుకంటే ఆ ఏడాది బదిలీల గాలి వీస్తోంది. జాబితా తయారుచేసేది మేనేజరు నరసరాజుగారు. నరసరాజుగారికి షుగరు. డాక్టరు సైకిలు తొక్కమన్నాడు. పై అధికారికి వచ్చిన షుగరు కింది ఉద్యోగులకు సైకిళ్ళుగా పాకింది.

ఈయనకు ముందున్న మేనేజరుగారు షటిల్ ఆడేవారు. అప్పుడు ఆఫీసంతా బ్యాట్లు కొంది. అంతకుముందాయన పద్యాలు రాసేవారు. అప్పుడు ఆఫీసంతా చప్పట్లు కొట్టింది. ఖర్చు దృష్ట్యా చూస్తే పద్యాలే నయం, అరచేతులతో సరిపోయింది. సైకిలంటే మామూలు సైకిలు కాదు. గ్రావెల్ బైకట. తారు లేని దారుల్లో, మట్టిలో, కంకరలో తొక్కడానికి ప్రత్యేకంగా చేసిందట. ఈ సదుపాయాన్ని మన కాలనీ రోడ్లు ఎప్పటినుంచో గుమ్మంలోనే కల్పిస్తున్నా, నరసరాజుగారి సైకిలు క్లబ్బువాళ్ళు మాత్రం దానికోసం కొండలెక్కి అడవుల్లోకి పోతారు. స్కూటరు ఖరీదు పెట్టి, స్కూటరులో ఉండే సుఖాలన్నీ తీసేయించి కొనుక్కునే వాహనం అది.

ఆర్థర్ కూడా ఒకటి కొన్నాడు. కొన్నాడేగానీ తొక్కలేదు. క్లబ్బు సవారీలన్నీ ఆదివారాలే. "ఆరాధన ఉంది సార్" అని వినయంగా తప్పుకునేవాడు. భక్తికి ఇంతటి ప్రయోజనం ఉంటుందని అతనికి అంతకుముందు తెలియదు. కానీ తొక్కనివాడి పేరు మేనేజరుగారి నోట నానదు. అందుకని కాళ్ళతో చేయలేని సేవ వేళ్ళతో చేశాడు. ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చుని, ఉపగ్రహం తీసిన పటాలు చూస్తూ దారులు గీయడం మొదలుపెట్టాడు. వికారాబాద్ వైపు ఒకటి, నర్సాపూర్ వైపు ఒకటి. గీసి క్లబ్బు మెయిల్లో పెట్టేవాడు. మిగతావాళ్ళు పెడలు తొక్కుతుంటే ఇతను మౌసు నొక్కేవాడు. చూస్తుండగానే "రూట్ల ఆర్థర్" అయిపోయాడు.

ఆ ఊపులో ఆదిలాబాద్ జిల్లా ఉత్తరపు కొస మీద కన్నేశాడు. పటంలో అంతా పచ్చటి కొండలు. వాటి మధ్య నుంచి తెల్లటి గీత ఒకటి. వెడల్పుగా, శుభ్రంగా, వంపులు తిరుగుతూ సరిహద్దు దాకా పోతోంది. ఒక్క బండి లేదు, ఒక్క ఇల్లు లేదు. ఆర్థర్‌కు ఒళ్ళు పులకరించింది. "రెండు పక్కలా టేకు చెట్లు, చక్రం కింద మెత్తటి కంకర, మలుపు మలుపుకూ ఒక కొండ" అని వర్ణించి పెట్టాడు. తను తొక్కానని రాయలేదు. తొక్కలేదనీ రాయలేదు. ఆఫీసు భాషలో దీన్ని పెండింగులో ఉంచడం అంటారు.

నరసరాజుగారు మురిసిపోయారు. ఆర్థర్ ఆరాధనకు అడ్డం రాని సెలవు కోసం క్యాలెండరంతా వెతికి, బుధవారం వచ్చిన ఆగస్టు పదిహేను ఖాయం చేశారు. జెండా ఎగరేసే పని ఇంకెవరికో అప్పగించి, క్లబ్బంతా ఆ దారి తొక్కుతుంది. ముందు నడిచేది, అంటే ముందు తొక్కేది, ఆర్థర్.

ఆ రాత్రి నుంచి ఆర్థర్‌కు నిద్ర లేదు. దారి బాగుంటే సరే. మధ్యలో ఏ గొయ్యో ఉంటే? మేనేజరు గోతిలో పడితే సెక్షన్ హెడ్డు ఎక్కడ పడతాడో అతనికి బాగా తెలుసు. కాబట్టి రహస్యంగా ముందే వెళ్ళి ఒకసారి తొక్కి రావాలి. బంద్ లేని రెండో శనివారం దొరకడమే గగనమైపోయిన రోజులవి. ఒకటి దొరికింది. అదీ పథకం.

జ్ఞానమణి మాట తప్పే మనిషి కాదు. శుక్రవారం సాయంత్రం ప్రేమమణి ఇంట్లో కుటుంబ ప్రార్థన కూడిక జరిగింది. ప్రేమమణి రిటైరైన హెడ్‌మిస్ట్రెస్, స్త్రీల సమాజానికి అధ్యక్షురాలు. ఆమె హాజరు పట్టీ మూసి ఏళ్ళైనా, ఆమె కళ్ళు మాత్రం ఇంకా మూయలేదు. కూడికలో ఒక్కొక్కరూ తమ అవసరం చెప్పుకుని ప్రార్థిస్తారు. వివరాలు అడగకూడదన్నది అక్కడి నియమం. ఊహించుకోవచ్చన్నది ఆచారం.

జ్ఞానమణి వంతు వచ్చింది. ఆమె ఎవరికీ చెప్పలేదు. కళ్ళు మూసుకుని నేరుగా దేవుడికే చెప్పింది.

"ప్రభువా, కొండల్లో, అడవుల్లో, సరిహద్దు ప్రాంతానికి సైకిలు మీద ఒంటరిగా వెళ్తున్న నా భర్తకు తోడుగా ఉండు తండ్రీ. ఆదివారం ఆరాధన సైతం విడిచి వెళ్తున్నారు. ఎవరికీ చెప్పుకోలేని ఆ పని నువ్వే సఫలం చెయ్యి."

గదిలో ఉన్న కళ్ళన్నీ ఒక్కసారే తెరుచుకున్నాయి.

కూడిక అయ్యాక ప్రేమమణి తేల్చేసింది. సంఘ పెద్ద ఆదివారం ఆరాధన మానాడంటే దేవుడి పనికి తప్ప దేనికి మానతాడు? అడవిలోకి సైకిలు మీద వెళ్తున్నాడంటే సువార్త పరిచర్యకు తప్ప దేనికి వెళ్తాడు? పైగా రహస్యంగా! "ఆ వినయం చూడండమ్మా. మన ఆర్థర్ తమ్ముడిలో ఇంత ఉందని నేననుకోలేదు. కానుకల సంచీ పట్టుకుని కునుకుతుంటే మామూలు నిద్రే అనుకున్నాను" అంది. ఎదురుగా కూర్చున్న మేబెల్ కళ్ళు తుడుచుకుంది. మేబెల్ నరసరాజుగారి దగ్గర స్టెనో. ఏది విన్నా శ్రద్ధగా మనసులో రాసుకుని, అంతే శ్రద్ధగా పైకి అందజేయడం ఆ పిల్లకు ఉద్యోగధర్మం.

వెంటనే గొలుసు ప్రార్థన ప్రారంభమైంది. ఒకరు ఇద్దరికి ఫోన్ చేయాలి, ఆ ఇద్దరూ మరో ఇద్దరికి. సైకిలు చైనైతే అప్పుడప్పుడూ ఊడుతుంది. ఈ చైను ఊడదు. కార్ఖానాలో "ఆర్థర్ అడవికి వెళ్తున్నాడు" అని బయల్దేరిన కబురు అల్వాల్ చేరేసరికి "ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి అడవికి వెళ్తున్నాడు" అయింది. నేరేడ్‌మెట్ చేరేసరికి ఇల్లు కూడా అమ్మేసింది. నేరేడ్‌మెట్ నుంచి ఒకాయన ఇల్లు ఎంతకు పోయిందో కనుక్కుందామని జ్ఞానమణికే ఫోన్ చేస్తే, ఆమె రాంగ్ నంబరనుకుని పెట్టేసింది.

శనివారం ఇంకా చీకటి ఉండగానే ఆర్థర్ లేచాడు. గేటు కీచుమనకుండా ముందురోజే నూనె పోశాడు. నెత్తిన హెల్మెట్టు పెట్టుకున్నాడు. బిగుతు లాగు తొడిగాడు. ఆ లాగులో మనిషి పట్టాడుగానీ మర్యాద పట్టలేదు. సైకిలు భుజాన వేసుకుని, చెప్పులు చేత పట్టుకుని, దొంగ తన ఇంట్లోనే పడ్డట్టు అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చి గేటు తీశాడు.

గేటు బయట సంఘం ఉంది.

పాస్టర్ రిచర్డ్‌గారు తెల్లటి అంగీలో ఉన్నారు. స్త్రీల సమాజం తెల్లచీరల్లో ఉంది. డోలక్కు ఉంది, తంబురా ఉంది. గేటు తెరుచుకోగానే పాట అందుకున్నారు. వీధిలో కుక్కలన్నీ రెండో గొంతు కలిపాయి. ఎదురింటి వాళ్ళు లైట్లు వేసి, ఎవరో పోయారనుకుని పరామర్శకు వచ్చేశారు.

ఆర్థర్ వెనక్కి తిరిగి చూశాడు. గుమ్మంలో జ్ఞానమణి కొంగుతో నోరు మూసుకుని నిలబడి ఉంది.

"చెప్పావా?"

"ఎవరికీ చెప్పలేదండీ. దేవుడికి చెప్పుకున్నాను."

"ఆయనతో చెప్తున్నప్పుడు పక్కన ఎంతమంది ఉన్నారు?"

"కూడికన్నాక ఉండరా మరి!"

పాస్టర్‌గారు ముందుకు వచ్చి ఆర్థర్ హెల్మెట్టు మీద రెండు చేతులూ ఉంచి ప్రార్థించారు. హెల్మెట్టుకు గాలి కోసం పెట్టిన కంతల్లో ఆయన వేళ్ళు ఇరుక్కుని, ప్రార్థన అనుకున్నదానికన్నా చాలాసేపు సాగింది.

"బ్రదర్ ఆర్థర్, నీ పిలుపు గురించి విన్నాం. అడవి ప్రజల మధ్యకు వెళ్తున్నావు. సంఘానికి చెప్పకుండా వెళ్దామనుకున్నావు. వెళ్ళనిస్తామా?"

"అయ్యగారూ, అదికాదు, నేను..." అని నోరు తెరిచాడు ఆర్థర్. అప్పుడే గుంపులో మేబెల్ కనిపించింది. చేతులు జోడించి, కళ్ళు పెద్దవి చేసి, అతని నోట రాబోయే ప్రతి మాటనూ మనసులో టైపు చేసుకోవడానికి సిద్ధంగా ఉంది. పరిచర్యకు కాదంటే మరి దేనికని అడుగుతారు. దారి తొక్కి చూడటానికంటే, ఇంతవరకూ తొక్కలేదా అంటారు. మేబెల్ నోటికీ మేనేజరు చెవికీ మధ్య ఉన్నది ఒక్క స్ప్రింగు తలుపు. అది ఎప్పుడూ సరిగ్గా మూసుకోదు.

"...నేను దేనికీ తగనివాణ్ణి" అని ముగించాడు ఆర్థర్.

"చూశారా ఆ తగ్గింపు!" అంది ప్రేమమణి. "ఏదీ, తమ్ముడూ, ఆ సైకిలిలా నిలబెట్టు. సామాను కట్టాలి. దుప్పట్లున్నాయి, పాత బట్టల పెట్టె, దోమతెరలు, మందులు, పాటల పుస్తకాలు, ఆవకాయ జాడీ. స్టాండు వెయ్యి."

"స్టాండు లేదక్కా."

"లేదా? సరే, క్యారియరు మీద కడదాం."

"అదీ లేదు."

"బెల్లు? మడ్‌గార్డు?" ప్రేమమణి సైకిలు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, పరీక్షలో తప్పిన పిల్లాణ్ణి చూసినట్టు చూసింది. "ఎవరో నిన్ను నిలువునా మోసం చేశారు తమ్ముడూ. సగమే ఇచ్చి పంపించారు."

స్టాండు లేని సైకిలు, ఏ స్టాండూ తీసుకోలేని మనిషి, ఒకరినొకరు పట్టుకుని నిలబడ్డారు.

"బస్సు టైమవుతోంది, మెల్లగా నేను..." అన్నాడు ఆర్థర్.

"బస్సెందుకు? వ్యాను మాట్లాడాం" అన్నారు పాస్టర్‌గారు. "నిన్ను పరిచర్య స్థలం దాకా దిగబెట్టి, ప్రతిష్ఠ ప్రార్థన చేసి వస్తాం. జ్ఞానమణమ్మా, నువ్వూ ఎక్కు."

వ్యాను డ్రైవరు సదాశివ సైకిలును అటూ ఇటూ తిప్పి చూసి టాపు మీదకు విసిరాడు. "ఇంత హల్కగ ఉన్నదేంది సార్? అప్పడం లెక్క! ఎక్కుండ్రి ఎక్కుండ్రి, జెర జల్ది. ఎండ రాకముందే మేడ్చల్ దాటాలె."

మేబెల్ మాత్రం ఎక్కలేదు. "మా అమ్మకు తోడెవరూ లేరు అంకుల్. కానీ సోమవారం ఆఫీసులో అందరికీ నేనే చెప్తా మీ గురించి" అంది ప్రేమగా. ఆర్థర్ వెనక్కి చూడకుండా వ్యానెక్కేశాడు.

అల్వాల్‌లో ఒక గుంపు రోడ్డు మీదే ఆపి ఇడ్లీలు పెట్టింది. ఇడ్లీలతోపాటు మరో ప్రార్థన, మరో మూట దుప్పట్లు. ఒక ముసలాయన ఆర్థర్ చేయి పట్టుకుని, "ఉద్యోగం వదులుకోవడం తేలిక కాదు నాయనా. పెన్షనైనా వస్తుందా?" అని అడిగాడు. రాజీనామా సంగతి ఆర్థర్‌కు తెలిసింది అప్పుడే. మేడ్చల్‌లో దండలు. కామారెడ్డిలో మళ్ళీ టీ, మళ్ళీ పాట. వ్యానులో పాటలు ఆగలేదు. సదాశివ కూడా స్టీరింగు మీద తాళం వేస్తూ మలుపులన్నీ తాళం తప్పకుండా తిప్పాడు.

"పరేషాన్ అయితున్నట్టున్నరు సార్" అన్నాడు అద్దంలోంచి చూస్తూ. "ఫికర్ పడకుండ్రి. అంత పెద్ద పని మీద పోతున్నరు. దేవుడు దారి జూపెడతడు."

దారి గురించే ఆర్థర్ దిగులు.

నిర్మల్ దాటి ఘాటెక్కాక వాన వెలిసింది. కొండలన్నీ కడిగి ఆరేసినట్టున్నాయి. టేకు ఆకుల మీంచి నీళ్ళు జారుతున్నాయి. పెద్ద రోడ్డు వదిలి సరిహద్దు వైపు తిరిగాక తారు పలచబడింది, ఆ తర్వాత మాయమైంది. కింద ఎర్రమట్టి, దాని మీద కంకర. ఆర్థర్ కిటికీలోంచి తల బయటపెట్టాడు. రెండు పక్కలా టేకు చెట్లు! మలుపు మలుపుకూ కొండ! తను రాసింది రాసినట్టే ఉంది. దేవుడు ఈ సృష్టి తన మెయిలు చూసే చేసినట్టు అనిపించింది.

"ఇక్కడ్నుంచి నువ్వు సైకిలు మీదే ప్రవేశించాలి బ్రదర్. ఫోటో తీస్తాం" అన్నారు పాస్టర్‌గారు.

ఆర్థర్ సైకిలెక్కాడు. దారి పల్లంలో ఉంది. తొక్కనక్కర్లేకుండానే అది దొర్లింది. చెంపలకు చల్లటి గాలి, చక్రాల కింద కంకర చప్పుడు, వెనకాల వ్యానులో పాట. యాభై దాటిన ఆ మనిషికి జీవితంలో మొదటిసారి సైకిలంటే ఏమిటో తెలిసింది. ఫ్యాను కింద కూర్చుని ఇన్నాళ్ళూ ఏ గాలి పీల్చానా అనుకున్నాడు. అడవి వాసన ముక్కునిండా పీల్చి, రెండు చేతులూ వదిలేద్దామా అని కూడా ఆలోచించాడు. దారి ఉంది! బుధవారం తెల్లటి గీత మీద మేనేజరుగారు జారుకుంటూ పోతారు, బదిలీ జాబితాలోంచి తన పేరూ జారుకుంటుంది.

ఆఖరి మలుపు తిరిగేసరికి సైకిలు దానంతటదే ఆగింది. ఎందుకంటే ముందు చక్రం నీళ్ళలో ఉంది.

ఎర్రటి నీళ్ళు. ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా సుడులు తిరుగుతూ, చెట్ల కొమ్మల్ని మోసుకుంటూ, వెడల్పుగా, వంపులు తిరుగుతూ, సరిగ్గా పటంలో గీత తిరిగిన వంపులే తిరుగుతూ పోతున్నాయి. ఉపగ్రహం ఫోటో తీసింది మండు వేసవిలో. ఆర్థర్ రోడ్డనుకుని గీసింది ఎండిన వాగు. తెల్లగా మెరిసింది ఇసుక. మెత్తటి కంకర అని వర్ణించింది అక్షరాలా నిజమే, ప్రస్తుతం అది నిలువెత్తు నీళ్ళ కింద ఉంది.

వెనకే వ్యాను ఆగింది. సదాశివ దిగి, నీళ్ళ వైపు చూశాడు, ఆర్థర్ జేబులోంచి తీసిన పటం వైపు చూశాడు, మళ్ళీ నీళ్ళ వైపు చూశాడు.

"సార్" అన్నాడు నెమ్మదిగా. "మీ రోడ్డు పారుతున్నది."

గట్టు మీద గొడుగు పట్టుకుని ఒకావిడ కూర్చుని ఉంది. పేరు బాలమ్మ. అవతలి ఊరికి పోవాల్సిన మనిషి, వాగు తగ్గేదాకా కూర్చుని ఉంది. "యాడికి బిడ్డా, గీ వాగుల పడి?" అంది. తర్వాత సైకిలును చూసింది. "గింత మంచి సైకిలుకు స్టాండు సుత లేదేంది?"

ఆర్థర్ నేల మీద కూలబడ్డాడు. సంఘానికి మాత్రం ఇందులో నిరాశపడాల్సింది ఏమీ కనిపించలేదు. వాగు అడ్డం వచ్చిందంటే దేవుడు ఇక్కడే ఆగమన్నాడని పాస్టర్‌గారు తేల్చారు. దుప్పట్లు దిగాయి, డోలక్కు దిగింది. ఇవతలి ఊరివాళ్ళు పాట విని వచ్చారు. ఎవరు, ఎందుకొచ్చారు అని అడగలేదు. చలి కాచుకోమని మంట వేసి, పొయ్యి మీద మొక్కజొన్నలు కాల్చి పెట్టారు. కంకర కోసం వచ్చినవాడి చేతికి కంకులొచ్చాయి. జ్ఞానమణి ఒకటి ఒలిచి మొగుడికిచ్చింది.

"ఏమండీ, మీరు చూడాలనుకున్న దారి ఇదేనా?"

"ఇదే."

"చాలా లోతుగా ఉందండీ."

"నువ్వు మాట్లాడకు."

"నేనెవరితో మాట్లాడానండీ?"

మర్నాడు నిర్మల్‌లో ఆరాధన చేసుకుని, సాయంత్రానికి వ్యాను సికింద్రాబాద్ చేరింది. 'ప్రస్తుతానికి' తిరిగి వచ్చాడని సంఘం సర్దుకుంది. ఆర్థర్ మాత్రం దారి పొడుగునా ఒకే వాక్యం సాధన చేశాడు. ఆ దారి లేదు సార్. ఆ దారి లేదు సార్. అది పాట తాళానికి బాగా కుదిరింది కూడా.

సోమవారం ఆఫీసులో అడుగుపెట్టగానే మేనేజరుగారి పిలుపు వచ్చింది. స్ప్రింగు తలుపు పక్కన మేబెల్ తృప్తిగా నవ్వింది.

"రావయ్యా ఆర్థరూ, రా, కూర్చో" అన్నారు నరసరాజుగారు. అది మంచి శకునం కాదు. ఆ గదిలో సెక్షన్ హెడ్డులు కూర్చోరు. "మేబెల్ అంతా చెప్పింది. ఎంత దాచావయ్యా!"

ఆర్థర్ కూర్చోకుండానే మొదలుపెట్టాడు. "సార్, ఆ రూటు విషయం ఒకటి మనవి చేయాలి. వానాకాలం కదా..."

"అబ్బ! వానాకాలంలోనేనయ్యా దాని అందమంతా!" అన్నారు నరసరాజుగారు కుర్చీలో వెనక్కి వాలి. "పోయినేడు జులైలో నేను తొక్కానుగా. నీకు చెప్పలేదూ? సింగిల్ బ్రేకు వేస్తే ఒట్టు. సిమెంటు రోడ్డు నయమా అది! నడిమధ్యలో సైకిలాపి ఫ్లాస్కులో టీ తాగాను, ఏం ప్రశాంతత! మన అకౌంటెంటుగారైతే రెండుసార్లు తొక్కాట్ట. నువ్వు రాసిందే తక్కువ."

ఆర్థర్ మేనేజరుగారి ముఖం వైపు, ఆ తర్వాత ఆయన కాళ్ళ వైపు చూశాడు. ప్రభువు నీళ్ళ మీద నడిచిన సంగతి అతను చిన్నప్పటినుంచీ గుడిలో వింటూనే ఉన్నాడు. నీళ్ళ మీద సైకిలు తొక్కి, నడిమధ్య ఆగి టీ తాగినవారిని కళ్ళారా చూడటం మాత్రం అదే మొదలు. సాధన చేసిన వాక్యం గొంతులో వెనక్కి తిరిగింది. ఆ దారి లేదంటే మేనేజరుగారు అబద్ధమాడారనడమే. బదిలీల కాలంలో ఆ మాట అన్నవాడు ఆ వాగులోనే కొట్టుకుపోతాడు.

"అవును సార్" అన్నాడు నీరసంగా. "చాలా... సాఫీగా ఉంటుంది."

"అదీ! అయితే బుధవారం రైడు వాయిదా వేశాను. మోకాలు పట్టేసింది. ఎలాగూ నువ్వు అక్కడే ఉంటావు కదా, తీరిగ్గా వస్తాం."

"అక్కడే అంటే సార్?"

నరసరాజుగారు వరాలిచ్చే ముఖం పెట్టారు. "సరిహద్దులో కొత్త బ్రాంచి తెరుస్తున్నారయ్యా. పోవడానికి ఒక్కడూ ఒప్పుకోవడం లేదు. తలనొప్పిగా ఉంది. పొద్దున మేబెల్ వచ్చి, ఆ అడవుల్లో ఉండటానికి నువ్వు ఉద్యోగమే వదులుకోబోతున్నావని చెప్పేసరికి నా కళ్ళు చెమర్చాయి. ఉద్యోగం ఎందుకయ్యా వదులుకోవడం? జీతం తీసుకుంటూనే అడవిలో ఉండు! జాబితాలో నీ పేరే మొదట పెట్టాను. ఫోన్లోనే ఖాయం చేయించేశాను."

వెళ్ళనంటే, అడవి ఇష్టం లేదనాలి. అడవి ఇష్టం లేదంటే, ఆ దారి ఎప్పుడూ తొక్కలేదనాలి. తొక్కలేదంటే, మరి రాసిందేమిటంటారు. ఆర్థర్ అటు చూశాడు, ఇటు చూశాడు. ఒరగడానికి గోడ కూడా దగ్గర్లో లేదు. స్టాండు లేని సైకిల్లా కాసేపు ఊగి, "థాంక్యూ సార్" అన్నాడు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి హాలు నిండా సంఘం ఉంది. కబురు అతనికన్నా ముందే చేరింది. ప్రేమమణి కేకు కోయిస్తోంది, పాస్టర్‌గారు కృతజ్ఞతా కూడిక జరిపిస్తున్నారు. ఇన్ని గొంతులు కలిపి అడిగిన ప్రార్థన ఇంత తొందరగా ఫలించడం సంఘ చరిత్రలోనే లేదట. ఆర్థర్ భార్యను వంటగదిలోకి పిలిచాడు.

"బదిలీ ఆగాలని ఒక్కసారైనా ప్రార్థన చేశావా?"

"బదిలీ సంగతి బయట అనొద్దని మీరే అన్నారు కదండీ. అందుకని ఆ ఒక్కటీ ఎవరితోనూ అనలేదు" అంది జ్ఞానమణి నిష్ఠగా. "దేవుడితో కూడా."

కొత్త బ్రాంచి బాలమ్మ వాళ్ళ ఊళ్ళో, వాగుకు అవతలి గట్టున ఉంది. అక్కడికి చేరుకోవడానికి అనువైన దారి ఏదని హెడ్డాఫీసు రాసి అడిగితే, నరసరాజుగారు ఆర్థర్ గీసిన పటాన్నే జతచేసి పంపించారు.